పాఠకుల ప్రశ్నలు – జవాబులు: రియాక్టర్‌లో ఏ ఇంధనం ఎక్కడ పెట్టాలి?

మన గోదావరి డెల్టాలో అణు విద్యుత్ కేంద్రం లేదు. ఇక్కడి పెద్ద విద్యుత్ కేంద్రాలు కృష్ణా–గోదావరి బేసిన్ గ్యాస్‌ను నమ్ముకుని కట్టినవి. అయినా గోదావరి జిల్లాల ఇంజనీరింగ్ కళాశాలల్లో అణు రియాక్టర్ల లెక్కలు ప్రాజెక్టులుగా నడుస్తున్నాయని ఈ నెల వచ్చిన ఉత్తరాలను బట్టి తెలుస్తోంది. ఒకే అంశానికి చెందిన ప్రశ్నలను ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: నేను కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. అణు రియాక్టర్‌లో ఇంధనం అమరికను సమాంతర గణనతో (ఒకే పనిని అనేక ప్రాసెసర్లు పంచుకుని ఒకేసారి చేయడం) మెరుగుపరచడం అనే అంశాన్ని మా గైడ్ గారు ప్రాజెక్టుగా ఇచ్చారు. ఇంధనాన్ని అమర్చడంలో అంత కష్టమేముంది? ఉన్న అమరికలన్నిటినీ ఒక సూపర్ కంప్యూటర్‌కు ఇచ్చి, వాటిలో ఉత్తమమైనదాన్ని తీయమంటే సరిపోదా?
— విద్యార్థిని, భీమవరం

జవాబు: సరిపోదు. ఎందుకు సరిపోదో అంకెలతో చూపించవచ్చు కానీ, అంతకు ముందు అసలు అక్కడ అమర్చేది ఏమిటో తెలియాలి.

థర్మల్ కేంద్రంలో బొగ్గు గంటగంటకూ లోపలికి వెళుతూనే ఉంటుంది. తమిళనాడులోని కూడంకుళంలో నడుస్తున్న రష్యా రకం రియాక్టర్ అలా కాదు. దాని గర్భంలో, అంటే ఇంధనం ఉండే నడిమి భాగంలో, ఆరు పలకల ఇంధన అసెంబ్లీలు 163 ఉంటాయి. ఒక్కొక్క అసెంబ్లీలో యురేనియం ఆక్సైడ్ బిళ్ళలు నింపిన జిర్కోనియం లోహపు కడ్డీలు 300కు పైగా ఉంటాయి. ఒకసారి మూత వేసి నడపడం మొదలుపెడితే ఏడాదో, ఏడాదిన్నరో గడిచాక గాని మళ్ళీ తెరవరు. తెరిచినప్పుడు కూడా అన్నిటినీ తీసివేయరు. బాగా కాలిపోయిన సుమారు మూడో వంతు అసెంబ్లీలను బయటికి తీసి, వాటి బదులు కొత్తవి తెచ్చి, మిగిలినవాటిని కూడా ఒక చోటు నుంచి మరొక చోటుకు జరుపుతారు. ఏది ఎక్కడికి జరగాలి, కొత్తది ఎక్కడ దిగాలి అన్న పటాన్నే లోడింగ్ ప్యాటర్న్ అంటారు.

స్థానం మారితే అంత తేడా వస్తుందా అని మీకు అనిపించవచ్చు. చాలా వస్తుంది. గర్భం అంచున ఉన్న న్యూట్రాన్లలో కొన్ని బయటికి జారిపోతాయి కాబట్టి అక్కడ వాటి సాంద్రత తక్కువ, మధ్యలో ఎక్కువ. కొత్త అసెంబ్లీలో న్యూట్రాన్ తాకితే విచ్ఛిత్తి చెంది (చీలి) వేడినిచ్చే యురేనియం–235 నిండుగా ఉంటుంది. పాతదానిలో అది తరిగిపోవడమే కాక, న్యూట్రాన్లను మింగే వ్యర్థ మూలకాలు పేరుకుని ఉంటాయి. కొత్తవన్నీ మధ్యలో పెడితే అక్కడ వేడి మితిమీరి, కడ్డీల పైతొడుగు దెబ్బ తినే ప్రమాదం ఉంటుంది. అందుకని తొలినాళ్ళలో కొత్తవాటిని అంచున పెట్టి, ఏటేటా లోపలికి జరుపుతూ వచ్చేవారు. ఆ పద్ధతిలో శక్తి సమంగా పరుచుకునే మాట నిజమే. కానీ అంచున ఉన్న కొత్త ఇంధనం నుంచి న్యూట్రాన్లు ఎక్కువగా బయటికి పోయి రెండు నష్టాలు చేస్తాయి: ఇంధనం వృథా కావడం ఒకటి, ఆ న్యూట్రాన్ల తాకిడికి రియాక్టర్ ఉక్కు పాత్ర దశాబ్దాలు గడిచేసరికి పెళుసుబారడం రెండోది. ఆ పాత్రను మార్చడం అయ్యే పని కాదు. అందువల్ల ఇప్పుడు బాగా కాలిన అసెంబ్లీలను అంచుకు నెట్టి, కొత్తవాటిని లోపలి వరుసల్లో పాతవాటి మధ్య ఎడం ఎడంగా కూర్చి, వాటి తొలి దూకుడును అదుపు చేయడానికి కొన్ని కడ్డీలలో న్యూట్రాన్లను మింగే గాడోలినియం కలుపుతున్నారు. ఈ పద్ధతి వచ్చాక అమరిక లెక్క నిజంగా చిక్కుగా మారింది; ఎందుకంటే ఒక్క అసెంబ్లీ చోటు మారినా దాని ఇరుగుపొరుగు అసెంబ్లీలలో శక్తి మారిపోతుంది.

ఇక అంకెలు. 163లో నడిమిది ఒకటి తీసివేస్తే 162. గర్భాన్ని ఆరు సమాన భాగాలుగా భావించి, ఒక భాగంలో ఎలా అమర్చితే మిగిలిన ఐదింటిలోనూ అలాగే అమర్చాలని నియమం పెట్టుకుంటే, మనం నిర్ణయించవలసిన స్థానాలు 27కు తగ్గుతాయి. ఇరవై ఏడే కదా అనుకోకండి. 27 వేరువేరు అసెంబ్లీలను 27 స్థానాలలో అమర్చే విధానాల సంఖ్య 1 పక్కన 28 సున్నాలు పెడితే వచ్చే సంఖ్య కంటే కొంచెం ఎక్కువ. మీ సూపర్ కంప్యూటర్‌లో 10 లక్షల ప్రాసెసర్లు ఉన్నాయని, ప్రతి ప్రాసెసర్ సెకనుకు 1,000 అమరికలను పరీక్షిస్తుందని ఉదారంగా అనుకుందాం. అన్నీ పూర్తయ్యేసరికి సుమారు 34,500 కోట్ల సంవత్సరాలు పడుతుంది. విశ్వం వయసు 1,380 కోట్ల సంవత్సరాలు.

కొత్త అసెంబ్లీలన్నీ ఒకే రకం కదా, వాటిలో వాటిని తారుమారు చేసి లాభమేమిటని మీరు అడగవచ్చు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. ఆ 27లో 9 ఒకేలా ఉన్నాయనుకుంటే లెక్క బాగా తగ్గి, పై యంత్రానికే సుమారు 9.5 లక్షల సంవత్సరాల పని మిగులుతుంది. నియమాలు పెట్టి ఇంకా తగ్గించవచ్చు, అయినా ఇంధనం మార్చే కొద్ది వారాలలో తేలే పని మాత్రం కాదు. పైగా సెకనుకు వెయ్యి అనేది మాట వరసకు అన్నది. ఒక్క అమరికను పరీక్షించడం అంటే ఆ గర్భమంతటా న్యూట్రాన్ల విస్తరణ సమీకరణాలను సాధించి, ఇంధనం కొంత కాలిందని భావించి మళ్ళీ సాధించి, అలా చక్రం (ఒకసారి ఇంధనం మార్చాక మళ్ళీ మార్చే వరకు నడిచే కాలం) చివరి వరకు అంచెలంచెలుగా వెళ్ళడం. గర్భాన్ని పెద్ద పెద్ద గళ్ళుగా విడదీసి లెక్కించే నోడల్ పద్ధతిలో కూడా దీనికి సెకన్లు పడుతుంది.

కాబట్టి యంత్రం అన్నిటినీ చూడదు. కొన్ని వేలనో లక్షలనో మాత్రమే చూస్తుంది. తరువాత దేన్ని చూడాలో తెలివిగా ఎంచుకోవడమే ఈ విద్య. దీనికి ఎక్కువగా వాడిన పద్ధతులలో ఒకటి సిమ్యులేటెడ్ ఎనీలింగ్. వేడి చేసిన లోహాన్ని నెమ్మదిగా చల్లార్చితే దాని పరమాణువులు తక్కువ శక్తి గల అమరికలో కుదురుకుంటాయన్న సూత్రాన్ని గణితానికి అన్వయించి 1983లో కిర్క్‌పాట్రిక్, గెలాట్, వెచ్చి అనే ముగ్గురు దీన్ని ప్రతిపాదించారు. 1991లో అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీకి చెందిన క్రొపాచెక్, టురిన్‌స్కీ దీన్ని రియాక్టర్ ఇంధన అమరికకు ఉపయోగించారు.

అందులోని ఒక్క అడుగును దగ్గరగా చూద్దాం. 7వ స్థానంలో కొత్త అసెంబ్లీ, 15వ స్థానంలో రెండు చక్రాలు కాలిన అసెంబ్లీ ఉన్నాయనుకోండి. ప్రోగ్రాము ఆ రెండింటినీ తారుమారు చేసి లెక్క కట్టింది. 16వ స్థానంలో అప్పటికే మరొక కొత్తది ఉండడం వల్ల రెండు కొత్తవి పక్కపక్కన పడ్డాయి. ఆ సరిహద్దులో ఉన్న కడ్డీలలో శక్తి ఎగిసింది. సగటును 1 అనుకుంటే, ఇంతకు ముందు 1.45 ఉన్న గరిష్ఠ శక్తి 1.62 అయింది. మనం పెట్టుకున్న హద్దు 1.50. అదే సమయంలో చక్రం మూడు రోజులు పెరిగింది. (ఈ అంకెలు వివరణ కోసం అనుకున్నవి మాత్రమే.) అనుభవం లేనివారు రాసే ప్రోగ్రాము హద్దు దాటిన అమరికను అక్కడికక్కడే కొట్టివేస్తుంది. మంచి ప్రోగ్రాము అలా చేయదు; హద్దు ఎంత దాటిందో అంత జరిమానా వేసి, మొత్తం విలువ పాతదాని కంటే తక్కువైనా అప్పుడప్పుడు దాన్ని స్వీకరిస్తుంది. మొదట్లో ఇలా స్వీకరించే అవకాశం ఎక్కువగా ఉంచి, పోను పోను తగ్గిస్తారు; లోహాన్ని చల్లార్చడంతో పోల్చి దీన్నే ఉష్ణోగ్రత తగ్గించడం అంటారు. మంచి అమరికకు వెళ్ళే దారి చాలాసార్లు చెడ్డ అమరికల మీదుగానే ఉంటుంది గనుక ఈ ఏర్పాటు.

ప్రశ్న: మా మనవడు ఇలాంటి ప్రోగ్రామునే 16 ప్రాసెసర్ల మీద నడిపితే పని 16 రెట్లు కాక 9 రెట్లే వేగమైందట. ఊడ్పుల్లో పది మంది రోజంతా చేసే పనిని ఇరవై మంది ఒక పూటలో ముగిస్తారు. యంత్రాల దగ్గర ఈ లెక్క ఎందుకు తప్పుతుంది?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, కొత్తపేట

జవాబు: మాస్టారూ, ఊడ్పుల్లోనూ ఆ లెక్క ఒక్కొక్కసారి తప్పుతుంది. ఆకుమడిలో నారు తీసి, కట్టలు కట్టి, చేలోకి చేర్చే వరకు నాటేవారు ఎంతమంది వచ్చినా గట్టు మీద నిలబడవలసిందే. ఆ తీత పని ఇద్దరే చేస్తుంటే, నాటేవారిని ఎంత పెంచినా పని అంతకన్నా ముందుకు సాగదు.

కంప్యూటర్ల రూపకర్త జీన్ ఆమ్దాల్ 1967లో చెప్పిన సూత్రం ఇదే. మొత్తం పనిలో 5 శాతం ఒకే ప్రాసెసర్ చేయవలసినదైతే, 16 ప్రాసెసర్లతో వచ్చే వేగం సుమారు 9.1 రెట్లు, 64తో సుమారు 15.4 రెట్లు, లక్ష ప్రాసెసర్లు పెట్టినా 20 రెట్లు దాటదు. మీ మనవడికి వచ్చిన 9 రెట్లు ఈ లెక్కకు అచ్చంగా సరిపోతున్నాయి. కాబట్టి ఆయన ముందుగా వెతకవలసింది ఆ 5 శాతం ఎక్కడ దాగి ఉందన్నది. ఫలితాలను ఒకే ఫైలులో రాయడం, అమరికలను మంచి చెడ్డల క్రమంలో పేర్చడం, తరువాత పరీక్షించవలసిన అమరికలను ఒకే ప్రాసెసర్ తయారు చేయడం — సాధారణంగా ఈ మూడు చోట్లలో ఎక్కడో ఒకచోట దొరుకుతుంది.

మరొక కారణం కూడా ఉండవచ్చు. అన్ని అమరికల లెక్కా ఒకే సమయంలో తేలదు. శక్తి విస్తరణ ఒక పక్కకు ఒరిగిన అమరిక కుదురుకోవడానికి ఎక్కువ ఆవృత్తులు తీసుకుంటుంది. 16 ప్రాసెసర్లకు 16 అమరికలు పంచి, అందరూ ముగించాకే తరువాతి విడత ఇచ్చేలా రాస్తే, ముందుగా ముగించిన పదిహేనూ ఆ ఆఖరి ఒక్కదాని కోసం ఊరికే కూర్చుంటాయి. దీనికి మందు, ఎవరు ముగిస్తే వారికి వెంటనే తరువాతి పని ఇవ్వడం. అయితే దానికొక మూల్యం ఉంది: అదే ప్రోగ్రామును రేపు మళ్ళీ నడిపితే సరిగ్గా అదే ఫలితం రాదు, ఎందుకంటే ఏ జవాబు ముందు వస్తుందో ప్రతిసారీ మారుతుంది. పరిశోధనకు ఇది పరవాలేదు కానీ, ఫలితాన్ని తనిఖీ చేసేవారికి ఇది తలనొప్పి.

పని పంచుకునే తీరు పద్ధతిని బట్టి మారుతుంది. అమరికల గుంపును తరతరాలుగా మెరుగుపరచే జెనెటిక్ అల్గారిథమ్ సమాంతర గణనకు పుట్టుకతోనే అనువైనది. ఒక తరంలోని 200 అమరికలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కాబట్టి 200 ప్రాసెసర్లకు పంచివేయవచ్చు. ఎనీలింగ్ అలా లొంగదు. అందులో ప్రతి అడుగూ వెనకటి అడుగు మీద ఆధారపడుతుంది. అందువల్ల అక్కడ ఒకే అన్వేషణను ముక్కలు చేయకుండా, ప్రతి ప్రాసెసర్ మీద ఒక ప్రత్యేక అన్వేషణ నడిపి, ఉష్ణోగ్రత తగ్గించే ప్రతి అంచెలోనూ వాటిని కలుసుకోనిస్తారు. బాగా నడుస్తున్న అన్వేషణ చేతిలోని అమరికను మిగిలినవి ఎక్కువ సంభావ్యతతో తీసుకుని అక్కడి నుంచి కొనసాగుతాయి. ఎంత తరచుగా కలవాలన్నది ఇందులో సున్నితమైన విషయం. మరీ తరచుగా కలిస్తే అందరూ ఒకే అమరిక చుట్టూ మూగిపోతారు, పదహారు ప్రాసెసర్లూ ఒకే ప్రాసెసర్‌తో సమానం. అసలు కలవకపోతే ఒకరు కనుక్కున్నది మరొకరికి ఉపయోగపడదు. నా మట్టుకు నేను, విద్యార్థులు వేగం ఎన్ని రెట్లు పెరిగిందన్న గీతలు గీయడం కంటే ఈ కలయిక ఎడాన్ని మార్చి మార్చి చూడడం మీద సమయం పెడితే బాగుంటుందని అంటాను.

మీ మనవడికి ఒక హెచ్చరిక కూడా చెప్పండి. ఈ పద్ధతులన్నీ యాదృచ్ఛిక సంఖ్యల మీద నడుస్తాయి. ఆ సంఖ్యల వరసను మొదలుపెట్టే తొలి సంఖ్యను (సీడ్) అన్ని ప్రాసెసర్లకూ ఒకటే ఇస్తే పదహారూ అడుగు కూడా తప్పకుండా ఒకే దారిలో నడిచి, ఒకే జవాబును పదహారు సార్లు తెస్తాయి. ఏ దోష సందేశమూ రాదు. చూసేవారికి ఫలితాలు చక్కగా ఏకీభవిస్తున్నట్టే కనిపిస్తాయి.

ప్రశ్న: మన దేశంలో ఎక్కువగా ఉన్నవి భారజల రియాక్టర్లు కదా. వాటిని ఆపకుండానే ఇంధనం మారుస్తారని చదివాను. మరి వాటికి ఈ అమరిక లెక్కతో అవసరం ఏముంది?
— బి.ఎస్సీ. విద్యార్థి, తణుకు

జవాబు: అవసరం ఉంది, కాకపోతే దాని రూపం వేరు. (మామూలు హైడ్రోజన్ బదులు బరువైన హైడ్రోజన్ ఉన్న నీరే భారజలం.) 220 మెగావాట్ల భారజల రియాక్టర్‌లో అడ్డంగా 306 ఇంధన గొట్టాలు (ఛానెళ్ళు), ఒక్కొక్క ఛానెల్‌లో అర మీటరు పొడవున్న 12 ఇంధన కడ్డీల కట్టలు (బండిళ్ళు), వెరసి 3,672 బండిళ్ళు ఉంటాయి. రియాక్టర్ పూర్తి శక్తితో నడుస్తూ ఉండగానే ఛానెల్‌కు రెండు వైపులా యంత్రాలు వచ్చి పట్టుకుని, ఒక వైపు నుంచి కొత్త బండిళ్ళను తోసి, మరొక వైపు నుంచి పాతవాటిని అందుకుంటాయి. సగటున రోజుకు ఒక ఛానెల్ చొప్పున ఈ పని జరుగుతుంది. అంటే కూడంకుళంలో ఏడాదికో, ఏడాదిన్నరకో ఒకసారి వేసే పెద్ద ప్రశ్న ఇక్కడ రోజూ ఉదయం చిన్న ప్రశ్నగా ఎదురవుతుంది: ఈ రోజు 306లో ఏ ఛానెల్? బాగా కాలిన ఛానెల్‌ను ఎంచుకుంటే ఇంధనం ఆదా అవుతుంది. కానీ నిన్న దాని పక్క ఛానెల్‌నే మార్చి ఉంటే అక్కడ శక్తి హద్దు దాటవచ్చు. ఈ రోజు ఎంపిక వచ్చే వారం ఎంపికలను కూడా బిగిస్తుంది కాబట్టి ముందు చూపుతో చాలా రోజుల వరసను ఒకేసారి పరీక్షించడానికి సమాంతర గణన పనికి వస్తుంది.

అసలైన అమరిక సమస్య ఈ రియాక్టర్లలో ముఖ్యంగా మొట్టమొదటిసారి నింపినప్పుడు వస్తుంది. అప్పుడు బండిళ్ళన్నీ కొత్తవే కనుక మధ్యలో శక్తి ఎగిసిపోతుంది. గుజరాత్‌లోని కాక్రాపార్ మొదటి రియాక్టర్‌ను తొలిసారి నింపినప్పుడు అక్కడక్కడా తోరియం బండిళ్ళను ఉంచి ఆ శక్తిని సమం చేశారు. 3,672 స్థానాలలో ఆ కొద్ది తోరియం బండిళ్ళు ఎక్కడ కూర్చోవాలన్నది పైన చెప్పిన రకం వెతుకులాటే. ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం 1990ల తొలి సంవత్సరాల నుంచి అనుపమ్ అనే పేరుతో సమాంతర కంప్యూటర్ల వరసను సొంతంగా తయారు చేసుకుంటూ వచ్చింది. రియాక్టర్ భౌతికశాస్త్రపు లెక్కలు ఆ అవసరంలో ఒక భాగం.

గోదావరి వారికి ఆసక్తి కలిగించే మాట ఒకటి: ఈ రియాక్టర్లకు కావలసిన భారజలం తయారు చేసే కర్మాగారాలలో ఒకటి మణుగూరులో ఉంది, అది తీసుకునేది గోదావరి నీరే. బండిళ్ళు హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో తయారవుతాయి.

ప్రశ్న: కంప్యూటర్ ఇచ్చిన అమరికనే నేరుగా రియాక్టర్‌లో వేస్తారా? అది తప్పైతే?
— గృహిణి, అమలాపురం

జవాబు: నేరుగా వేయరమ్మా. వెతుకులాటకు వాడేది త్వరగా లెక్క తేల్చే స్థూలమైన ప్రోగ్రాము. అది పైకి తెచ్చిన కొద్ది అమరికలను, ఇంకా సూక్ష్మంగా, నిదానంగా లెక్కించే వేరే ప్రోగ్రాములతో మళ్ళీ పరీక్షిస్తారు. అత్యవసరంగా ఆపవలసి వస్తే నియంత్రణ కడ్డీలు చాలునా, ఒక కడ్డీ ఇరుక్కుపోయినా చాలునా, నీటి ఉష్ణోగ్రత పెరిగినప్పుడు శక్తి తనంతట తాను తగ్గుతుందా వంటి ప్రశ్నలకు విడివిడిగా జవాబు రావాలి. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల పరిధిలోనే ఇదంతా సాగుతుంది.

తరువాత మనుషుల వల్ల జరగగల పొరపాటు ఉంది. పటం సరిగానే ఉండి, క్రేను నడిపేవారు ఒక అసెంబ్లీని పక్క గడిలో దించవచ్చు. అందుకని అన్నీ దించాక మూత వేయక ముందే నీటి అడుగున కెమెరాను తిప్పి, ప్రతి అసెంబ్లీ తల మీద చెక్కిన సంఖ్యను చదివి పటంతో సరిచూస్తారు. రియాక్టర్‌ను మొదలుపెట్టాక చాలా తక్కువ శక్తి వద్ద కొలతలు తీసి, లెక్క చెప్పినదానితో పోల్చి, తేడా అనుమతించిన మేరకు ఉంటేనే పైకి వెళతారు. గర్భం లోపల అమర్చిన శోధకాలు ఆ తరువాత చక్రమంతా శక్తి ఎక్కడ ఎంత ఉందో చెబుతూనే ఉంటాయి.

ప్రశ్న: మా కళాశాలలో సూపర్ కంప్యూటర్ లేదు. మామూలు ల్యాప్‌టాప్ మీద ఈ ప్రయోగం చేయవచ్చా?
— ఎం.టెక్. విద్యార్థి, పాలకొల్లు

జవాబు: చేయవచ్చు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లో 8 కోర్లు (ఒకే చిప్‌లోని విడి ప్రాసెసర్లు) మామూలైపోయాయి. సమాంతర పద్ధతుల గుణదోషాలు తెలుసుకోవడానికి అవి చాలు. ఉచితంగా దొరికే ఓపెన్‌ఎంసీ వంటి మాంటే కార్లో ప్రోగ్రామును (యాదృచ్ఛిక సంఖ్యలతో ఒక్కొక్క న్యూట్రాన్ దారినీ అనుసరించి లెక్కించేది) వెతుకులాట లోపల పెట్టుకోకండి. ఒక్క అమరికకే అది చాలా సమయం తీసుకుంటుంది. దాన్ని చివర్లో సరిచూసుకోవడానికి ఉంచుకోండి. వెతుకులాటకు రెండు శక్తి వర్గాల (వేగమైన, నెమ్మదైన న్యూట్రాన్ల) విస్తరణ సమీకరణాన్ని రెండు పరిమాణాలలో సాధించే చిన్న ప్రోగ్రామును మీరే రాసుకోండి, కొన్ని వందల వరసలలో అయిపోతుంది. అది సరిగ్గా పని చేస్తోందో లేదో చూడడానికి ఐఏఈఏ (అంతర్జాతీయ అణుశక్తి సంస్థ) పేరుతో ప్రసిద్ధమైన 177 అసెంబ్లీల ప్రామాణిక సమస్య ఉంది. దాని జవాబు అందరికీ తెలిసినదే కాబట్టి మీ జవాబును దానితో పోల్చుకోవచ్చు. అది సరిపోలిన తరువాతే అసెంబ్లీలను తారుమారు చేయడం మొదలుపెట్టండి. ప్రతి ప్రయోగాన్నీ వేరువేరు తొలి సంఖ్యలతో కనీసం పది సార్లు నడిపి, ఒక్క ఉత్తమ ఫలితాన్నే కాక మధ్యస్థ ఫలితాన్ని, అత్యంత చెడ్డ ఫలితాన్ని కూడా నివేదికలో రాయండి. పరీక్షకులు ముందుగా అడిగేది అదే.